పై అతుకు

తల కదపకుండా కళ్ళు మాత్రమే పైకెత్తి చూడాలి, తల ఎత్తానంటే తాడు కట్టిన గుంజల దగ్గర నిలబడ్డ ఖల్ఫాన్ చూస్తాడు, చూస్తే నేను ఆ అతుకు వంకే చూస్తున్నానని వాడికి తెలిసిపోతుంది, హెల్మెట్ పెట్టుకోవడం ఒక రకంగా మంచిదే అయింది, లోపల కళ్ళు ఎటు పోతున్నాయో బయటివాళ్ళకి కనపడదు. ఇసుక దిబ్బ ఎక్కే పందెంలో నాకంటే ముందు ఇంకా అయిదు బండ్లున్నాయి, ఒక్కోటీ దిబ్బ ఎక్కి దిగి, జెండా మళ్ళీ లేచేసరికి పది నిమిషాలు, అంటే ఇంచుమించు ఒక గంట, ఈ గంటలో నేనొక సంగతి తేల్చుకోవాలి, నా ఎడమ కనుబొమ్మకి జానెడు పైన, నిలువు గొట్టమూ అడ్డగొట్టమూ కలిసే చోట, ఖల్ఫాన్ వెల్డింగ్ చుట్టూరా తిప్పాడా, లేక చెయ్యి అందినంత మేర తిప్పి మిగతాది పుట్టీతో పూడ్చి పైన నల్లరంగు కొట్టాడా. తిప్పి ఉంటే బండి పల్టీ కొట్టినా నేను ఇంటికెళ్ళి అన్నం తింటాను. తిప్పకపోతే రెండో పల్టీకో మూడో పల్టీకో ఆ అతుకు నోరు తెరుస్తుంది, గొట్టం వచ్చి ఇక్కడ, సరిగ్గా ఇక్కడ దిగుతుంది. ఇందులో అర్థం కానిదేమీ లేదు, నలభై ఏడేళ్ళొచ్చాయి నాకు, ఈ బిదియా ఎడారి దిబ్బల మీద ఎన్ని బండ్లు దొర్లాయో నాకు తెలుసు.

వాడు పొద్దుట్నించీ తేడాగా ఉన్నాడు. ఖల్ఫాన్ అంటే షంసా తమ్ముడు, నా బావమరిది, నా భార్య షంసా మా చిన్నాన్న కూతురే, మా వాళ్ళల్లో అలా చేసుకోవడం మామూలే, కనక వాడు రెండు వైపుల నుంచీ నావాడే, చిన్నప్పుడు నా భుజాల మీదెక్కి ఖర్జూరాలు కోసుకున్నవాడు, అలాంటివాడు ఇవాళ మసీదు మెట్ల దగ్గర ముక్కుకు ముక్కు ఆనించి పలకరించేటప్పుడు కళ్ళు దించేసుకున్నాడు. మామూలు రోజుల్లో ఏం బావా, గడ్డానికి రంగేశావా, మళ్ళీ పెళ్ళా అని ఏదో ఒకటి వాగితే గానీ వాడికి పొద్దు గడవదు, ఇవాళ వార్తలేమిట్రా అంటే వార్తలేం లేవు అన్నాడంతే. కాఫీ ఒక్క కప్పుతో చాలించాడు. హల్వా ముట్టలేదు, హల్వా ముట్టని ఖల్ఫాన్‌ని నేనింతవరకూ చూడలేదు. తప్పు చేసినవాడికే గొంతు దిగదు. ఇంకొకటుంది, కూలి తీసుకోనన్నాడు, అయిదు వారాలు తన షెడ్డులో నా బండి పెట్టుకుని పని చేసి చివరికి మనలో మనకేమిటి బావా అని చెయ్యి ఊపేశాడు, అప్పుడు సంబరపడ్డాను గానీ ఇప్పుడు తెలుస్తోంది, కూలి తీసుకుని ఉంటే ఇదేం పనిరా అని నిలబెట్టి అడిగేవాణ్ణి, ఊరికే చేసిన చుట్టం పనిని గోకి చూస్తే ఈ ఊళ్ళో మనిషిగా లెక్కకట్టరు. ఆ సంగతి వాడికి తెలియదూ? తెలిసే తీసుకోలేదు.

షంసాకీ తెలుసు. తెలియకపోతే పొద్దున ఆ మాట ఎందుకంటుంది, నేను చెప్పులు తొడుక్కుంటుంటే గుమ్మంలో నిలబడి, తలుపు చెక్క గోటితో గీరుతూ, ఇవాళ్టికి మానెయ్యకూడదా, దిబ్బ ఎక్కడికీ పోదుగా అంది. పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు, పైగా ఒకసారి నేను జ్వరమని పడుకుంటే లేచి ఎక్కి రా, జ్వరం అక్కడే దిగుతుంది అని వెళ్ళగొట్టిన మనిషి. ఎవరో చెప్పారు. ఎవరో ఏమిటి, తమ్ముడే. అక్కా తమ్ముడూ ఒకటైపోయి నాకు చెప్పకుండా నా తలకాయ గురించి మాట్లాడుకున్నారన్నమాట, నేను మాత్రం అన్నీ తెలిసినవాడిలా సలాం చెప్పి బయల్దేరాను. ఎందుకు మానాలి అని అడిగి ఉండాల్సింది. అడగలేదు. అడిగితే చెప్పేసేదేమో.

మొదటి బండి కదిలింది, నా సీటు కింద నేల అదిరి ఆ అదురు వెన్నులోకి పాకింది. తెల్లటిది, ఇబ్రా ఊరి నుంచి వచ్చినవాడిది, దిబ్బ సగం దాకా బుల్లెట్‌లా పోయి అక్కడ ఊపు చచ్చి వెనక్కి జారింది, జనం ఒక పెద్ద నిట్టూర్పు విడిచారు. చూడండి, నేను ఈ పంజరం కట్టించేటప్పుడు కళ్ళు మూసుకుని కూర్చోలేదు, పంజరం అని షంసా పేరు పెట్టింది, మిగతా వాళ్ళంతా రోల్ కేజ్ అంటారు, గొట్టాలు కొనడానికి ఖల్ఫాన్‌తో పాటు నేనూ వెళ్ళాను, కొట్టువాడు ఇదిగో అతుకు లేని గొట్టం అంటే నమ్మకుండా లోపల వేలు పెట్టి నిలువునా గీత తగులుతుందేమోనని తడిమాను, ఒకప్పుడు మా వీధిలో ఒకడు నీళ్ళ గొట్టాలతో కేజ్ కట్టుకుని మురిసిపోయాడు, బండి ఒక్కసారి పక్కకి ఒరిగితే అది తడి కాగితంలా మడత పడింది. ఇంటికొచ్చాక కూడా నమ్మలేదు, వెనక కమాను కింది భాగంలో, ఎక్కడ పెడితే నష్టం లేదో అక్కడే, సన్నటి చిల్లు పెట్టించి గోడ మందం కొలిచాను. ఖల్ఫాన్ డ్రిల్లు పట్టుకుని నవ్వాడు. బావా, రేపు అక్క వండిన అన్నానికి కూడా చిల్లు పెట్టి చూస్తావా అన్నాడు. నవ్వనీ, ఆ నవ్వు చూసే నాకు మొదటి అనుమానం వచ్చింది.

గొట్టం వంచేచోట నొక్కు పడిందేమో చూశాను, ఒకటి పడితే పారేయించాను. గొట్టానికి గొట్టం ఆనేచోట చేప నోరులా అరగదీసి కూర్చాలి, మధ్యలో గోరు కూడా దూరకూడదు, వాడు అలాగే కూర్చాడు, ఆ మాట కాదనను, వాడి చెయ్యి మంచిది. పంజరం కాళ్ళని అడుగు రేకు మీద నేరుగా నిలబెట్టకుండా అరచేయంత దళసరి పలకలు వేసి, వాటిని చట్రంతో కలిపి, మూలల్లో ముక్కోణపు ఇనుప ముక్కలు దన్ను పెట్టి, తల తగిలేచోటల్లా గట్టి స్పాంజి చుట్టాడు. అన్నీ నా కళ్ళ ముందే. పై అతుకులు నాలుగూ మాత్రం నా కళ్ళ ముందు జరగలేదు, ఆ రెండు రోజులూ నేను లేను, ఎందుకు లేనో అది వేరే సంగతి, వెళ్ళబుద్ధి కాలేదు, మూడోరోజు వెళ్ళేసరికి నల్లరంగు రెండు పూతలు పడి ఆరిపోయి కూడా ఉంది. అంత తొందరెందుకు? మిగతా అతుకులకి వారం రోజులు రంగు వెయ్యనివాడు వాటికి మాత్రం రెండు రోజుల్లో ఎందుకు వేశాడు? పైగా ఆ నాలుగు చోట్లా స్పాంజి కూడా రెండు వరసలు చుట్టాడు.

మొన్న మంగళవారం షంసా మేకల దగ్గరికి వెళ్ళినప్పుడు ఫ్రిజ్జు తలుపు మీద నుంచి అయస్కాంతం ఊడదీసి, బండి ఎక్కి, స్పాంజి కొంచెం జరిపి పెట్టి చూశాను. అతుకు కింద పట్టుకుంది. పక్కలకి పట్టుకుంది. పైన, కప్పు రేకుకీ గొట్టానికీ మధ్య రెండు వేళ్ళు మాత్రమే దూరే సందులోకి జరిపేసరికి జారి నా ఒళ్ళో పడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది. ఇనుము ఉంటే అయస్కాంతం ఎందుకు పడుతుంది, పుట్టీ ఉంటేనే పడుతుంది. నిజం చెప్తున్నాను, గుండె జారిపోయింది, అదే సమయంలో లోపల ఎక్కడో, చెప్పడానికి సిగ్గుగా ఉంది, సంతోషం లాంటిది కూడా వేసింది, దొరికాడు అనిపించింది. అయస్కాంతం తీసుకెళ్ళి మళ్ళీ ఫ్రిజ్జు మీద అతికించి, కాళ్ళు కడుక్కుని, ఎవరికీ ఏమీ చెప్పలేదు. బుధవారం చెప్పలేదు, గురువారం చెప్పలేదు, వాడు వస్తాడు, నా మొహం చూసి తనే బయటపడతాడు అని చూశాను. వాడు వచ్చాడు, కూర్చున్నాడు, నా మొహం చూశాడు, లేచి వెళ్ళాడు.

రెండో బండి ఎక్కేసింది, పైకంటా ఎక్కి శిఖరం మీద చిన్న చుక్కై నిలబడింది, హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి, వరస ఒక అడుగు ముందుకి జరిగింది, నేనూ జరిపాను. చెమట కళ్ళలోకి దిగుతోంది, తుడుచుకోవాలంటే హెల్మెట్ తియ్యాలి. పొద్దున తనిఖీ కుర్రాడు కేజ్ చూసి బాగుంది అన్నాడుగా, ఆకుపచ్చ కాగితం అంటించాడుగా. వాడు చూసిందేమిటి, గొట్టాన్ని వేలి గెణుపుతో రెండుసార్లు తట్టాడు, పాదాల దగ్గర వంగి చూశాడు, బెల్టు లాగి చూశాడు, ఆ సందులోకి వేలు పెట్టనేలేదు. పెట్టినా వాడికేం తెలుస్తుంది, నున్నగా ఉంది కదా, చేప పొట్టలా నున్నగా. అంత నున్నగా చెయ్యమని ఎవరు చెప్పారు ఖల్ఫాన్‌కి? వెల్డింగ్ అన్నాక గరుకు ఉంటుంది, పొలుసులు పొలుసులుగా ఉంటుంది, దాన్ని అలా దాచిపెట్టమని ఎవరో ఒకరు చెప్పే ఉండాలి.

ఆ సాయంత్రం పది మంది ఉన్నారు మా సబ్లాలో, మగవాళ్ళంతా చేరి కూర్చునే గదిలో, కాఫీ దగ్గర. ఎందుకు గుర్తొస్తోంది ఇప్పుడది. ఖల్ఫాన్ చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు, గోళ్ళ సందుల్లో ఇంకా మసి ఉంది, పెద్దవాళ్ళు ఒంటెల సంగతి మాట్లాడుతున్నారు, అది అయ్యాక ఎవరో కేజ్ ఎంతవరకూ వచ్చింది అని అడిగారు. వాడు నాతో కాదు, అందరితోనూ కాదు, కాఫీ కుండతో చెప్పినట్టు మెల్లిగా ఏదో చెప్పాడు, అడుగు రేకు గురించి ఏదో. నేనేదో అన్నాను. అందరూ నవ్వారు. వాడు కప్పు ఊపి ఇచ్చేశాడు, చాలన్నట్టు, లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అంతే జరిగింది. మర్నాడు నేను షెడ్డుకి వెళ్ళలేదు, ఆ తరవాతి రోజూ వెళ్ళలేదు. అంతమాత్రానికే నా తల మీద ఉండే అతుకుని వదిలేస్తాడా మనిషి? కోపముంటే మొహాన తిట్టాలి, అలిగి తిండి మానెయ్యాలి, వెల్డింగ్‌లో చూపిస్తాడా? చూపిస్తాడు, ఎందుకు చూపించడు, నోరు మెదపని వాళ్ళనే ఎక్కువ అనుమానించాలి.

మూడో బండి, నాలుగో బండి. ఖల్ఫాన్ గుంజల దగ్గర కదలడం లేదు, చేతిలో ఏదో పట్టుకుని ఉన్నాడు, గుండ్రంగా, ఏమిటో కనపడటం లేదు. నా ముందున్నది నీలం బండి, మా ఊరిదే, లోపల ఉన్నవాడు అద్దంలోంచి నాకు చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. జెండా పడింది. అది వెళ్ళిన తీరు చూస్తే ఎక్కేస్తుందనే అనుకున్నాను, ఇసుక రెండు రెక్కలుగా లేచింది, శిఖరానికి ఇంకో బండి పొడవు ఉందనగా ముందు చక్రాలు గాలిలోకి లేచాయి, బండి ఒక క్షణం ఆలోచిస్తున్నట్టు ఆగి, పక్కకి తిరిగి, పడింది. ఒకటి. రెండు. మూడు. శబ్దం ఆలస్యంగా వచ్చింది, రేకు డబ్బాలు మెట్ల మీద దొర్లినట్టు. నాలుగో పల్టీ సగంలో ఆగి చక్రాల మీదే కూలబడింది. అల్లా అన్న మాట ఒకటి ఎక్కడి నుంచో వినపడింది, పక్క తలుపు తెరుచుకుని వాడు బయటికి దిగాడు, రెండు కాళ్ళ మీదా నిలబడి చెయ్యెత్తాడు, అప్పుడు లేచింది చూడండి గోల. కేజ్ కాపాడిందిరా, కేజ్ కాపాడింది అని నా కిటికీ పక్కనుంచి పరిగెడుతూ ఒకడు అరిచాడు. నేను మాత్రం వాడి కప్పు చూస్తున్నాను, కప్పు రేకు నుజ్జయిపోయింది, కింద గొట్టం నిటారుగా, నాలుగు మూలలూ కలిసే ఉన్నాయి. ఆ కేజ్ కట్టినవాడు అడుగు రేకు కోశాడు.

అదీ సంగతి. ఎన్నాళ్ళని పక్కకి తోస్తాను. కప్పు కింద చెయ్యి దూరదు, అందుకని బండి అడుగు నాలుగు చోట్ల కోసి, పంజరం కాళ్ళు ఆ చిల్లుల్లోంచి కిందికి జారవిడిచి, పైన వచ్చిన ఖాళీలో అతుకులు చుట్టూరా వెల్డ్ చేసుకుని, మళ్ళీ పైకెత్తి, చిల్లుల మీద పలకలు వేసి నిలబెడతారు, పద్ధతి అది, బిదియాలో గ్రైండరు పట్టినవాళ్ళందరికీ తెలిసిన పద్ధతి. ఆ సాయంత్రం ఖల్ఫాన్ చెప్పింది అదే. అడుగు కొయ్యాలి బావా, లేకపోతే పైన చుట్టూరా తిరగదు అన్నాడు, పది మంది ముందూ అన్నాడు, స్పష్టంగానే అన్నాడు. నేనేమన్నాను? మా నాన్న బండికి చిల్లులు పెడతావురా, నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పు, ఇంకొకణ్ణి చూసుకుంటాను అన్నాను. నవ్వారందరూ. అక్కడితో ఊరుకున్నానా, వాడు చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వెళ్ళి, అందినంత వరకూ చెయ్యి, మిగతాది కనపడకుండా నున్నగా చేసి రంగేసెయ్, తనిఖీవాడి కంట పడకూడదు అన్నాను. నేనే అన్నాను. ఈ నోటితోనే అన్నాను. పెద్దవాడు కాఫీ దగ్గర తెగేసి చెప్పాక చిన్నవాడు ఆ మాట మళ్ళీ ఎత్తడు, మా ఇళ్ళల్లో అది నేర్పక్కర్లేదు, పాలతోనే వస్తుంది, వాడు ఎత్తలేదు, నేను చెప్పినట్టే చేశాడు, మంగళవారం నుంచీ నేను వాణ్ణి దొంగను చేసి చూస్తున్నాను.

నాన్న చెప్పుల్లేకుండా నడిపేవాడు ఈ లాండ్ క్రూజర్‌ని, ఇంజను వేడికి అడుగు రేకు కాలిపోతున్నా మడమలు అక్కడే ఆనించి నడిపేవాడు, ఇరవై ఆరేళ్ళు అలా ఆనించి ఆనించి రంగు పోయి రేకు మెరుస్తుంది అక్కడ, రెండు మడమలంత మేర. ముందు కాలు దిగాల్సింది సరిగ్గా ఆ చోట. వాడు సుద్దతో గీసిన చదరం చూశాను నేను షెడ్డులో, ఆ మెరుపు చదరం లోపల ఉంది. ఆ మాట చెప్పొచ్చుగా, ఒరేయ్ ఖల్ఫాన్, అది నాన్న కాళ్ళ చోటురా, నాకు మనసొప్పడం లేదు అని చెప్పి ఉంటే వాడు ఇంకో దారి వెతికేవాడు, కప్పు కోసేవాడు, ఏదో చేసేవాడు, వాడికీ పెదనాన్నే కదా. చెప్పలేక వాడి పనితనం మీద పడ్డాను. సరే, అయితే ఏం, ఇప్పుడు తెలిసిందిగా, దిగిపో. బెల్టు తియ్యి, తలుపు తెరువు, ఇంజను బాగోలేదని చెప్పు. ఎంతసేపు పని? వేళ్ళు బెల్టు మీదే ఉన్నాయి, నొక్కడం లేదు. నన్ను చూసి మర్హూన్ భయపడ్డాడంటారు. అనుకుంటే అనుకోనీ. కాదు, అది కూడా కాదు, ఇంకేదో ఉంది అడుగున, దిబ్బ ఎక్కేద్దాం, పల్టీ కొడితే కొడుతుంది, అప్పుడు తెలుస్తుంది అందరికీ, ఎవరి వెల్డింగ్ ఎలాంటిదో. ఛీ.

నీలం బండిని తాళ్ళతో పక్కకి లాగేశారు, గుంటలు చదును చేస్తున్నారు, జెండావాడు నా వంక తిరిగాడు. అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది. ఖల్ఫాన్. వాడు ఇందాకటినుంచీ చేతిలో పట్టుకున్నది హెల్మెట్. ఎక్కి కూర్చుని, తలుపేసుకుని, బెల్టు భుజాల మీద నుంచి లాగి బిగించుకోవడం మొదలుపెట్టాడు, బరువు కోసమని పక్కన మనిషిని ఎక్కించుకోవడం ఇక్కడ మామూలే కనక ఎవరూ ఏమీ అనలేదు.

"దిగరా," అన్నాను.

"నేను చేసిన పని కింద నువ్వొక్కడివే ఎందుకు కూర్చోవాలి బావా?" అన్నాడు, దిబ్బ వంకే చూస్తూ.

ఇందులో ఏముంది, ఏ ఎత్తు వేస్తున్నాడు, అని మనసు తన పాత దారినే పోయింది, చూడండి, అప్పుడు కూడా, పది మందిలో తన వెల్డింగ్ మీద తనకి నమ్మకముందని చూపించుకోవడానికి ఎక్కాడు, నా చేత అడిగించడానికి ఎక్కాడు, నన్ను భయపెట్టడానికి ఎక్కాడు. వాడు బిగించిన బెల్టునే మళ్ళీ లాగి చూసుకున్నాడు, ఇంకోసారి లాగి చూసుకున్నాడు. వాడికి ముగ్గురు ఆడపిల్లలు, చిన్నదానికి ఇంకా మాటలు కూడా సరిగ్గా రావు, నన్ను మల్హూన్ అంటుంది. వాడి తల మీద కూడా అలాంటి అతుకే ఉంది, నేనే వాడి చేత చేయించిన అలాంటి అతుకే, అది ఎంతవరకూ తిరిగిందో ఈ లోకంలో వాడికొక్కడికే సరిగ్గా తెలుసు, తెలిసి వచ్చి కూర్చున్నాడు.

జెండా లేచింది.

"పైన ఎంత మేర తిరిగింది?" అని అడిగాను.

"మూడు వంతులు. మిగతాది పుట్టీ," అన్నాడు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, ఎప్పటినుంచో ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు.

మరి నాకెందుకు చెప్పలేదు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది, అలవాటు కొద్దీ వచ్చింది, దాన్ని మింగేశాను. "నువ్వు చెప్పావు," అన్నాను. "నువ్వు చెప్పావురా. నేనే నీ నోరు మూయించాను."

జెండా పడింది. నేను స్టీరింగు పూర్తిగా ఎడమకి తిప్పి, దిబ్బకి వీపు పెట్టి, గుంజల మధ్య సందులోంచి బండిని బయటికి తెచ్చాను. మొదట ఎవరికీ అర్థం కాలేదు, అయ్యాక ఈలలు మొదలయ్యాయి, ఏం అబూ హిలాల్, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చావా అని మా అబ్బాయి పేరుతో నన్ను పిలుస్తూ ఒకడు అరిచాడు, ఇంకొకడు హారను కొడుతూ మా వెనకే కొంత దూరం వచ్చాడు. చాపలు పరుచుకుని మా పెద్దవాళ్ళు కూర్చున్న చోట ఆపాను, ఆ సాయంత్రం నవ్విన వాళ్ళలో ఆరేడుగురు అక్కడే ఉన్నారు, హెల్మెట్ తీసి, కిటికీలోంచే చెప్పాను, ఖల్ఫాన్ అడుగు కొయ్యాలన్నాడు, నేను కొయ్యనివ్వలేదు, పుట్టీ పెట్టి దాచమన్నది నేను, చేతకానితనం నాది, వాడిది కాదు. ముసలాయన ఒకాయన గడ్డం నిమురుకుని, దిగి కాఫీ తాగండి ఇద్దరూ అన్నాడు. చెప్పేశాక ఒళ్ళు తేలికపడింది, అయిపోయింది అనుకున్నాను, ఖల్ఫాన్ వంక తిరిగి ఇక దిగరా అని నవ్వబోయాను కూడా.

వాడు దిగలేదు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, మొహం అంతా తడిసి ఉంది, అది చెమట కాదు.

"ఒక్కటి చెప్పు బావా," అన్నాడు, చాప మీది వాళ్ళకి వినపడకుండా. "నేను ఎక్కకపోయి ఉంటే, వెళ్ళేవాడివా?"

అబద్ధం సులువుగానే ఉంది, దిగుదామనే బెల్టు మీద చెయ్యి వేశానురా అంటే సరిపోయేది, సగం నిజం కూడా. వాడు ఈసారి నా మొహం వంకే చూస్తున్నాడు, పొద్దున దించుకున్న కళ్ళు దించుకోకుండా.

"వెళ్ళేవాణ్ణే," అన్నాను.

తల ఊపాడు, అనుకున్నదే అయిందన్నట్టు. "నీ శవం పక్కన ఆ అతుకు తెరుచుకుని ఉంటే, అది నువ్వే చేయించావని ఎవరికి చెప్పుకునేవాణ్ణి? అక్కకి ఏమని చెప్పేవాణ్ణి?" అన్నాడు, బెల్టు విప్పుకుని దిగి, చాపల వైపు కాకుండా ఊరి దారి పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. నేను బండిని మొదటి గేరులో వేసి, వాడి పక్కనే, వాడి నడకంత మెల్లిగా, వాడు దిగిన వైపు తలుపు తెరిచే ఉంచి పోనిస్తున్నాను.